వేడెక్కాక కొత్తపేట దాటితే చాలు, కారు ఆగిపోతోంది. పెట్రోలు అందట్లేదా, కరెంటు రావట్లేదా?

అమలాపురం_2004

నమస్కారమండి. 2004 మోడల్ పెట్రోలు కారు. 1.1 లీటరు, నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండరుకి ఒక్కో ఇంజెక్టరు పెట్రోలు చిమ్మే రకం). ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు లేదు, ఎక్కువ వోల్టేజి పుట్టించే ఒక కాయిల్ ప్యాకు, దాన్నుంచి నాలుగు ప్లగ్ వైర్లు. రెవ్ మీటరు లేదు. కంపెనీ పేరు రాస్తే ఏ కంపెనీ గొప్పదన్న గొడవ మొదలవుద్ది, అందుకని రాయట్లేదు. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది.

పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. అమలాపురం నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే కొత్తపేట దాకా ఏ గొడవా లేదు. ఆ తర్వాత, ముఖ్యంగా ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉంటే, పికప్ పడిపోయి జర్కులు మొదలవుతాయి. ఇంకో రెండు కిలోమీటర్లలో ఆగిపోతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆపితే మళ్ళీ మామూలే. ట్యాంకు పావుకి దిగితే ఇదంతా ఇంకా ముందే వస్తోంది. చెక్ ఇంజిన్ లైటు ఒక్కసారీ వెలగలేదు.

ఇప్పటిదాకా మార్చినవి: ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, పెట్రోలు ఫిల్టరు, కాయిల్ ప్యాకు. ఇప్పుడు ఒక మెకానిక్కు క్రాంక్ సెన్సర్ (ఇంజిను తిరగడాన్ని పసిగట్టేది) అంటున్నాడు, ఇంకొకాయన పెట్రోలు పంపు అంటున్నాడు. మరో సామాను కొనేముందు ఏది కొలవాలి, ఎంత వస్తే దేనిమీద అనుమానపడాలి? మల్టీమీటరు ఉంది. ప్రెషర్ గేజి తెప్పించుకోగలను.

పానా_పాలకొల్లు

మీరు మార్చిన నాలుగూ కొలవకుండా మార్చినవే కదండీ. ఇక కొనడం ఆపండి. ఈ జబ్బు కనపడేది ఆగిపోయిన తర్వాత మొదటి అయిదు నిమిషాల్లోనే. చల్లారాక షెడ్డుకి తీసుకెళ్తే బండి బాగానే ఉంటుంది, మెకానిక్కు ఊహించి చెప్తాడు. కాబట్టి సరంజామా బండిలోనే పెట్టుకోండి, రోడ్డు పక్కనే పరీక్ష చేయండి.

ముందు ఎలా ఆగుతోందో గమనించాలి. తాళం తిప్పి ఆపినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు: క్రాంక్ సెన్సర్, మెయిన్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), ఇగ్నిషన్ స్విచ్చి. పికప్ మెల్లగా పడిపోతూ, రేసు ఇచ్చినకొద్దీ జర్కులు ఎక్కువై, కాలు తీస్తే కాస్త తేరుకుంటూ ఆగితే పెట్రోలు వైపు. మీరు రాసింది రెండోది. పావు ట్యాంకు మాట కూడా అటే చూపిస్తోంది. పంపు ట్యాంకులో పెట్రోల్లోనే మునిగి చల్లబడుతుంది, మట్టం తగ్గితే పంపు వేడెక్కుతుంది. అలాగని పంపు మార్చేయమని అనట్లేదు.

ఆగిన వెంటనే ఇలా చేయండి.

ఒక పాత ప్లగ్గు, జంపర్ వైరు సిద్ధంగా ఉంచుకోండి. ప్లగ్గు పక్క ఎలక్ట్రోడు వంచి గ్యాపు 6 మి.మీ. దాకా తెరవండి. మామూలు 1 మి.మీ. గ్యాపులో, బయటి గాలిలో, బలహీనమైన కాయిల్ కూడా మెరుస్తుంది. సిలిండరు లోపలి ఒత్తిడిలో అది పనికిరాదు. దాన్ని ప్లగ్ వైరుకి తొడిగి, ప్లగ్గు మెటల్ భాగాన్ని జంపరుతో ఇంజినుకి కట్టేసి, చేత్తో పట్టుకోకుండా, ఇంకొకరి చేత సెల్ఫు కొట్టించండి. నీలి తెలుపు మెరుపు టపటపమని కొడితే కరెంటు ఉన్నట్టే. ఇది చేసేముందు ఇంజెక్టర్ల సాకెట్లు ఊడదీయండి. పెట్రోలు ఆవిరి ఉన్నచోట ఈ పరీక్ష వద్దు.

తర్వాత ఇంజెక్టరు సాకెట్లో నాయిడ్ ల్యాంపు (ఇంజెక్టరుకి సిగ్నలు వస్తే మెరిసే చిన్న దీపం) పెట్టండి. సెల్ఫు కొడుతుంటే మిణుకు మిణుకుమనాలి. కరెంటూ లేదు, మిణుకూ లేదు అంటే ఈసీయూకి (ఇంజినుని నడిపే కంప్యూటరుకి) ఇంజిను తిరుగుతున్నట్టే తెలియట్లేదు. అప్పుడు క్రాంక్ సెన్సర్, దాని సాకెట్టు, లేదా ఈసీయూ సప్లై. రెండూ ఉండి స్టార్టవకపోతే పెట్రోలు ప్రెషరు.

చాలామంది పొరబడేది ఇక్కడే. తాళం ఆన్ చేయగానే పంపు రెండు మూడు సెకన్లు జుయ్యిమంటుంది. అది విని పంపు బాగుందనేస్తారు. ఆ శబ్దం మోటారు తిరుగుతోందని మాత్రమే చెప్తుంది, ప్రెషరు సంగతి చెప్పదు. అలాగే సెల్ఫు కొట్టేటప్పుడు పంపు తిరగట్లేదంటే తప్పు పంపుదే కానక్కర్లేదు. క్రాంక్ సిగ్నలు అందకపోతే ఈసీయూ పంపు రిలేని వదిలేస్తుంది. ఒక్క సెన్సరు పోతే కరెంటు, పెట్రోలు రెండూ పోతాయి.

కాకినాడ_కాయిల్

పై మాటతో ఏకీభవిస్తున్నాను కానీ క్రాంక్ సెన్సరును తోసేయడానికి ఇంకా తొందరండి. వేడికి పోయి చల్లారితే తిరిగొచ్చే వాటిలో అది ముందుంటుంది. లోపలి తీగచుట్ట వేడికి సాగి తెగుతుంది, చల్లబడితే మళ్ళీ ముట్టుకుంటుంది.

తేల్చడం తేలిక. సెన్సరుకి రెండు వైర్లుంటే, లేదా రెండు వైర్లూ పైన షీల్డూ (అడ్డు సిగ్నళ్ళు ఆపే తొడుగు) ఉంటే, అది తీగచుట్ట రకం. చల్లగా ఉన్నప్పుడు ఓముల్లో కొలిచి రాసుకోండి. కొన్ని వందల ఓముల నుంచి ఒకటి రెండు వేల దాకా ఎంతైనా ఉండొచ్చు, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్లో ఉంటుంది. బండి ఆగిన నిమిషంలోనే మళ్ళీ కొలవండి. వేడికి కొంచెం పెరగడం సహజం, ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తే దొంగ దొరికాడు. లేదా తడిగుడ్డ సెన్సరు మీద వేసి రెండు నిమిషాలాగి సెల్ఫు కొట్టండి. వెంటనే స్టార్టయితే ఇక అనుమానం లేదు.

మూడు వైర్లుండి షీల్డు లేకపోతే అది హాల్ రకం, అంటే లోపల అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు ఉన్నది. దాన్ని ఓముల్లో కొలవకండి, అర్థంలేని అంకె వస్తుంది. సప్లై, ఎర్తు వస్తున్నాయో చూసి సిగ్నలు వైరు మీద వోల్టేజి ఎగిరిపడుతోందో చూడాలి.

కాయిల్ ప్యాకు మార్చారు కనుక ఇది మీకు కాదు, చదివే మిగతావాళ్ళకి. నాలుగు వైర్ల ప్యాకులో రెండు కాయిళ్ళు ఉంటాయి: ఒకటి 1, 4 సిలిండర్లకి, రెండోది 2, 3కి. ఒక్కో కాయిల్ కరెంటు రెండు ప్లగ్గుల గుండా వరసగా పోతుంది. 1, 4 కలిసి మిస్సింగ్ కొడితే (వంతుకి మండకపోతే) ఆ కాయిల్, లేదా దాన్ని నడిపే ఈసీయూ వైరు. కానీ 1వ వైరు లోపల తెగినా 4వది కూడా మిస్సవ్వచ్చు, దారి ఒకటే కదా. కాబట్టి కాయిల్ కొనేముందు వైర్లు కొలవండి. రెసిస్టరు వైర్లకి మీటరు పొడవుకి 10 నుంచి 20 కిలో ఓములు మామూలు. నాలుగిట్లో ఒకటి మిగతావాటికి పొంతన లేకుండా ఉంటే అదే.

మన డెల్టాలో వానాకాలం మిస్సింగులకి ఇంకో కారణం ఉంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, చేల మీది తేమ కలిసి ప్లగ్ బూట్ల (ప్లగ్గు మీది రబ్బరు తొడుగుల) లోపల సన్నటి తడి పొర కడుతుంది. కరెంటు ప్లగ్గు కొనకి పోకుండా పింగాణీ మీదుగా పక్కకి పాకుతుంది. పింగాణీ మీద పెన్సిల్ గీతలాంటి నల్లటి చార కనపడితే అదే. ప్లగ్గొక్కటే మారిస్తే పదిరోజుల్లో చార మళ్ళీ వస్తుంది, ఎందుకంటే బూటు లోపల కూడా అదే చార ఉంటుంది. రెండూ కలిపి మార్చాలి. రాత్రి చీకట్లో బానెట్ తెరిచి, ఇంజిను నడుస్తుండగా దూరం నుంచి సన్నగా నీళ్ళు చిమ్మితే నీలి మెరుపులు పాకడం కంటికే కనపడుతుంది.

లంకల_బండి

ఇంత చదువు ఎందుకండీ. ఇంజిను రన్నింగులో ఉండగా ఒక్కో ప్లగ్ వైరు పీకండి, ఏది పీకితే తేడా రాదో ఆ సిలిండరే. దాంతోపాటు ఇంజెక్టర్ క్లీనరు సీసా ఒకటి ట్యాంకులో పోసేస్తే సగం జబ్బులు పోతాయి.

పానా_పాలకొల్లు

దయచేసి రన్నింగులో వైరు పీకకండి. అది పాయింట్లు, కార్బొరేటర్ల నాటి అలవాటు. ఈ కాయిళ్ళలో పాతిక ముప్పై వేల వోల్టులు పుడతాయి. వెళ్ళే దారి లేకపోతే కాయిల్ లోపలి ఇన్సులేషన్ని చీల్చుకుంటాయి, లేదా ఈసీయూలోని డ్రైవరు మీద పడతాయి. పైగా కాలని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్లోకి (పొగగొట్టంలో పొగని శుద్ధి చేసే డబ్బాలోకి) వెళ్ళి అక్కడ మండుతుంది, లోపలి జాలీ కరిగిపోతుంది. అదే పరీక్ష కావాలంటే ఇంజెక్టరు సాకెట్టు ఊడదీయండి. పెట్రోలూ ఆగుతుంది, కాయిలూ భద్రం.

సీసా మందు ఇంజెక్టరు మొనకి పట్టిన మడ్డిని కొంత కరిగిస్తుందేమో. ఇరవై నిమిషాల్లో తనంతట తనే తగ్గే జబ్బుకి మడ్డి కారణం కాదు. ఇంజెక్టర్లు కొలవాలనుంటే ఓముల్లో చూడండి: ఈ తరం బళ్ళలో 12 నుంచి 16 మధ్య, నాలుగూ దగ్గరదగ్గరగా.

ఇక ప్రెషరు. గేజి పెట్టేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిను దానంతట అది ఆగేదాకా నడిపి, ఇంకో రెండు సెల్ఫులు కొట్టండి. పైపులో ప్రెషరు దిగిపోతుంది. లేకపోతే వేడి ఇంజిను మీద పెట్రోలు చిమ్ముతుంది. రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) మీద రెగ్యులేటరు (ప్రెషరు అదుపు చేసేది), వ్యాక్యూమ్ పైపు ఉన్న బళ్ళలో స్లోలో సుమారు 2.5 బార్, వ్యాక్యూమ్ పైపు ఊడదీస్తే 3 బార్. రిటర్న్ పైపు లేని వాటిలో రెగ్యులేటరు ట్యాంకులోనే ఉంటుంది, సాధారణంగా 3.5 బార్ స్థిరంగా ఉంటుంది. ఇంజిను ఆపాక అయిదు నిమిషాలకి కూడా 2 బార్ పైనే నిలవాలి.

షెడ్డులో కొలిచి ఊరుకోవద్దు. గేజిని వైపర్ కింద, అద్దానికి బయటివైపు టేపుతో కట్టి, జర్కులు వచ్చేదాకా నడపండి. పెట్రోలు నిండిన గేజి పైపును కారు లోపలికి మాత్రం తేవద్దు. ఇంకొకరు అంకె చదవాలి. జర్కులు వచ్చినప్పుడు ముల్లు పడిపోతే పెట్రోలు జబ్బు. ముల్లు కదలకుండా జర్కులొస్తే పెట్రోలుని వదిలేసి కరెంటు వైపు రండి.

భీమవరం_వైరింగ్

ముల్లు పడిపోతే వెంటనే పంపు కొనేయకండి, పంపుకి ఎంత వోల్టేజి అందుతోందో కొలవండి. ఇరవై ఏళ్ళ బండి, మన గాలి. సాకెట్లలో పచ్చ చిలుము పట్టని బండి ఈ చుట్టుపక్కల అరుదు.

వెనక సీటు కింద మూత తీస్తే పంపు సాకెట్టు కనపడుతుంది. అన్ని బళ్ళకీ ఈ మూత ఉండదు, లేకపోతే ట్యాంకు దించాలి. సాకెట్టు ఊడదీయకుండా వెనకనుంచి సన్నని సూదులు గుచ్చి, ఇంజిను నడుస్తుండగా కొలవాలి. సాకెట్టు ఊడదీసి కొలిస్తే 12 వోల్టులూ చూపించి మోసం చేస్తుంది. లోడు లేకపోతే వోల్టేజి ఎక్కడా తగ్గదు.

మూడు కొలతలు చాలు. బ్యాటరీ దగ్గర వోల్టేజి. పంపు ప్లస్, మైనస్ మధ్య వోల్టేజి. పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఉన్న తేడా. ఎర్తు వైపు 0.2 వోల్టు దాటకూడదు. ప్లస్ వైపు అర వోల్టు దాకా సరిపెట్టుకోవచ్చు. మొత్తం మీద ఒక వోల్టు దాటితే వైరింగు చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఈసీయూ ఇంజెక్టర్లని కాస్త ఎక్కువసేపు తెరిచి సర్దుకుంటుంది. కానీ అది చూసేది తన దగ్గరికొచ్చే వోల్టేజినే. పంపు దగ్గర ఎంత పడిపోయిందో దానికి తెలియదు. అందుకే లైటు వెలగకుండానే పికప్ పోతుంది. మీది 2004 కాబట్టి ఈసీయూలో తప్పులు చదివే స్కానరు మీద కూడా ఆశ పెట్టుకోకండి. మన దేశంలో ఓబీడీ (బండి తన తప్పులు తనే పసిగట్టి చెప్పే ఏర్పాటు) నియమం 2010 ఏప్రిల్లో గానీ మొదలవ్వలేదు. బ్లూటూత్ స్కానరు ముక్క సాకెట్లో పట్టినా మాట్లాడకపోవచ్చు.

అమలాపురం_2004

నిన్న సాయంత్రం ఏసీ, లైట్లు వేసి, గేజి కట్టి నడిపాం. అంకెలు ఇవండి.

చల్లగా, వ్యాక్యూమ్ పైపు ఊడదీసి: 3.0 బార్. బ్యాటరీ 13.9, పంపు దగ్గర 13.1.

కొత్తపేట దాటాక జర్కుల్లో: రేసు ఇస్తే 1.7 బార్. బ్యాటరీ 13.6, పంపు దగ్గర 10.4. ఎర్తు వైపు తేడా 0.15.

ఆగిన వెంటనే ప్లగ్గు పరీక్షలో 6 మి.మీ. గ్యాపు దూకి నీలంగా కొట్టింది. నాయిడ్ ల్యాంపు మిణుకుమంది. క్రాంక్ సెన్సర్ రెండు వైర్లది, వేడి మీద కూడా ఓపెన్ కాలేదు.

కాకినాడ_కాయిల్

సరే, సెన్సరు నిర్దోషి. నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను.

భీమవరం_వైరింగ్

బాగా కొలిచారండి. మొత్తం 3.2 వోల్టులు పోతున్నాయి. ఎర్తులో 0.15 తీసేస్తే 3.05 ప్లస్ వైపే. ఇప్పుడు ఆ దారిని ముక్కలుగా కొలవండి. వేడి మీద, పంపు తిరుగుతుండగా, మీటరు డీసీ వోల్టులో పెట్టి, ప్రతి అతుక్కీ ఇటొక సూది అటొక సూది: ఫ్యూజు రెండు కొనలు, రిలే మీద 30 అని ఉన్న కాలు నుంచి 87 కాలు, ట్యాంకు మూత సాకెట్టు ముందు, వెనక. ఎక్కడ అంకె పెద్దదో అక్కడే వోల్టేజి వేడిగా మారిపోతోంది. పంపు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కూడా చూడండి. ఫ్యూజు తీసి ఆ చోట మీటరుని 10 ఆంపియర్ల సాకెట్టులో వరసగా కలపాలి. మీటరు లోపల ఫ్యూజు ఉన్నదైతేనే.

అమలాపురం_2004

ఫ్యూజు 0.1. రిలే 0.2. ట్యాంకు మూత సాకెట్టు 2.6. మిగతాది వైరులో. పంపు 6.4 ఆంపియర్లు. సాకెట్టు ఊడదీస్తే ప్లస్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగి, కాస్త మెత్తబడి ఉంది.

భీమవరం_వైరింగ్

2.6 ని 6.4 తో గుణించండి, దాదాపు 17 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ తలలో పుట్టే వేడి ఒక్క పిన్ను మీద కూర్చుంది. వేడెక్కితే పిన్ను పట్టు సడలుతుంది, సడలితే నిరోధం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. బండి ఆపితే చల్లబడి పట్టు తిరిగొస్తుంది. మీ ఇరవై నిమిషాల లెక్క అదే.

ఆ పిన్నుని గరుకు కాగితంతో గీకి మళ్ళీ పెట్టకండి. ఒకసారి కాలిన టెర్మినల్లో స్ప్రింగు ఉండదు. రెండు వైపులా కొత్త సాకెట్టు, కొత్త టెర్మినళ్ళు, 1.5 చదరపు మి.మీ. రాగి వైరు, క్రింపు చేసి (నొక్కి బిగించి) పైన హీట్ ష్రింకు (వేడికి ముడుచుకునే తొడుగు). బ్యాటరీ మైనస్ తీసి, తలుపులు తెరిచి పెట్టి చేయండి. పంపుకి విడిగా స్విచ్చి పెట్టి నేరుగా కరెంటు ఇచ్చే సలహా ఎవరో ఒకరు ఇస్తారు, వినకండి. గుద్దుకుంటే ఇంజిను ఆగినా పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. రిలే ఈసీయూ చేతిలోనే ఉండాలి.

పానా_పాలకొల్లు

సాకెట్టుతో సగం పనే అయింది. ఆ పిన్ను ఎందుకు కాలింది? ఈ సైజు పంపులు సాధారణంగా నాలుగు, అయిదు ఆంపియర్లు తీసుకుంటాయి. మీది 10.4 వోల్టుల దగ్గరే 6.4 లాగుతోంది. సాకెట్టు మార్చాక, 13 వోల్టులు అందాక మళ్ళీ కొలవండి. 7 దాటితే పంపు బిగుసుకుంటోందని అర్థం. కొత్త పిన్ను కూడా కాలుతుంది. బయటి ఫిల్టరు మూసుకుపోయినా ఆంపియర్లు పెరుగుతాయి గానీ, అది మీరు మార్చేశారు. ఇన్ని సామాన్లలో పనికొచ్చిన ఖర్చు అదొక్కటే అనుకుంటాను.

పంపు బయటికి తీస్తే మూడు చూడండి. అడుగున జల్లెడ: తుప్పు, మడ్డి పట్టి ఉంటే ట్యాంకు కడగకుండా కొత్త పంపు దించకండి. పంపు నుంచి పై మూతకి వెళ్ళే జానెడు పైపు: దాని మీద పగులుంటే పెట్రోలు ట్యాంకులోకే తిరిగి కారిపోతుంది. పంపు మోగుతుంది, ఆంపియర్లు మామూలు, ప్రెషరు రాదు. ఆ ముక్క మార్చేటప్పుడు దుకాణంలో దొరికే మామూలు పెట్రోలు పైపు వేయకండి. అది లోపల పెట్రోలు తట్టుకోవడానికి చేసింది, బయటి తొడుగు కూడా పెట్రోల్లో మునిగితే ఉబ్బి పగులుతుంది. ఎస్ఏఈ జె30ఆర్10 అని రాసి ఉన్నదే ట్యాంకు లోపలికి.

మూడోది నీళ్ళు. అడుగు పెట్రోలు ఒక గాజు సీసాలో తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ కొంతదాకా నీటిని తనలో కలుపుకుంటుంది. మోతాదు మించితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. పంపు జల్లెడ ఉండేది అక్కడే. ఎంత ఇథనాల్ ఉందో తెలియాలంటే 100 మి.లీ. కొలగొట్టంలో 10 మి.లీ. నీళ్ళు, 90 మి.లీ. పెట్రోలు పోసి బాగా కుదిపి పది నిమిషాలాగండి. అడుగు పొర 10 నుంచి సుమారు 28 మి.లీ.కి పెరిగితే 20 శాతమే. ఇంకా బాగా పెరిగితే ఆ బంకు మానేయండి.

అమలాపురం_2004

కొత్త సాకెట్టు వేశాక, వేడి మీద: పంపు దగ్గర 13.0, ప్రెషరు రేసులో 2.9 బార్, రావులపాలెం వెళ్ళొచ్చినా జర్కు లేదు. ఆంపియర్లు 7.3. పంపు తెప్పిస్తున్నాను. ఇంకేమైనా కలిపి తెప్పించాలా?

పానా_పాలకొల్లు

జల్లెడ కొత్తది, పంపు మూత కింది రబ్బరు రింగు కొత్తది. పాత రింగు ఒకసారి పైకి తీస్తే ఉబ్బి మళ్ళీ గాడిలో కూర్చోదు, బలవంతంగా కూర్చోబెడితే ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజున సీటు కింద పెట్రోలు వాసన. ట్యాంకు పావుకి దిగాక పని పెట్టుకోండి. మూత తెరిచేముందు చుట్టూ పట్టిన మట్టి తుడిచేయండి. కొబ్బరితోటల్లో పెట్టే బళ్ళకి ఆ మూత మీద ఎలుకలు పీచు గూడు కట్టి, వైర్లు కొరికి ఉంచుతాయి. పనిలో పనిగా అదీ చూడండి.